గీత కింద శ్రీ

రెండు వేల ఇరవై నాలుగు ఫిబ్రవరి ఇరవయ్యొకటి, బుధవారం. ఆ మధ్యాహ్నం నేను వేడన్నంలో కొరివికారం కలుపుకుని, పైన నెయ్యి వేసుకుని తిన్నాను. మారు కూడా వడ్డించుకున్నాను. నా భార్య పోయి అప్పటికి పద్నాలుగు నెలలు. ఆ పద్నాలుగు నెలల్లో నేను మారు అన్నం పెట్టుకున్నది ఆ ఒక్క రోజే కాబట్టి తేదీ గుర్తుండిపోయింది.

కొరివికారం తెచ్చింది ఎదురు వాటాలో ఉండే కరీమున్. గుంటూరులో మేముండే ఇంట్లో రెండు వాటాలు. ఇటు నాది, అటు వాళ్లది, మధ్యలో నాలుగడుగుల వసారా. ఆమె భర్త మాబు అద్దంకి దగ్గర పత్తి మిల్లులో పనిచేస్తాడు, పదిహేను రోజులకోసారి వస్తాడు. కరీమున్ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తుంది. పండుమిరప కాలంలో ఏ ఇంట్లో కారం నూరినా ఒక గిన్నె నాకు వస్తుంది. ఆ రోజు మాత్రం ఆమె గిన్నె ఇచ్చి వెళ్లకుండా గుమ్మం దగ్గరే నిలబడింది.

"కారం ఎక్కువైందేమోనండి మాస్టారూ."

"అది కొరివికారమమ్మా. అందులో ఇంకేం ఎక్కువవుతుంది?"

ఆమె నవ్వింది. చెంగు సర్దుకుంది. "మా నగ్మాకి రెండు పేపర్లు ఉండిపోయాయండి. లెక్కలొకటి, ఫిజిక్సొకటి. మీరు కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారంట కదా. కాస్త కూర్చోబెట్టి నాలుగు ముక్కలు చెబుతారేమోనని."

డిగ్రీ కాలేజీలో ముప్పై ఒక్క సంవత్సరాలు ఫిజిక్స్ చెప్పాను. రిటైరై ఎనిమిదేళ్లయింది. ఈ ఎనిమిదేళ్లలో నన్ను జనం అడిగినవన్నీ కరెంటు బిల్లు ఎంతొచ్చింది, మోకాళ్లు ఎలా ఉన్నాయి, ఇలాంటివే. నేను ఎంత తొందరగా సరేనన్నానంటే, కరీమున్ ఇంకా బతిమాలడానికి సిద్ధం చేసుకున్న మాటలు ఆమె నోట్లోనే ఉండిపోయాయి.

నగ్మా బీఎస్సీ మూడో సంవత్సరం చదువుతోంది. రెండో సంవత్సరంలో ఆ రెండు పేపర్లూ తప్పింది. దాచేపల్లి వైపు ఉన్న ఒక సిమెంటు ఫ్యాక్టరీ వాళ్లు కాలేజీకి వచ్చి, తమ ల్యాబులో పని నేర్పి పెట్టుకుంటామని ఆరుగురిని ఎంచుకున్నారు. ఆ ఆరుగురిలో నగ్మా ఉంది. షరతు ఒక్కటే. జూన్ ముప్పై లోపు డిగ్రీ పాసైన సర్టిఫికెట్ చేతికివ్వాలి. ఏప్రిల్‌లో చివరి సెమిస్టర్‌తో పాటు ఈ రెండు పేపర్లూ గట్టెక్కితే ఉద్యోగం. లేకపోతే తల్లితో పాటు తొడిమల పని. సెలవు రోజుల్లో ఆ పిల్ల ఆ పనికి ఇప్పటికే వెళ్తోంది కాబట్టి అదెలా ఉంటుందో తనకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

మొదటి రోజు పుస్తకం తెచ్చి నా ఎదురుగా కూర్చుంది. వేడి వస్తువు ఎలా చల్లారుతుందో చెప్పే న్యూటన్ నియమం చెప్పమన్నాను. కళ్లు మూసుకుని, ఇంగ్లీషులో, ఒక్క కామా తప్పకుండా అప్పజెప్పింది.

"బాగుంది. ఇక్కడ మైనస్ ఎందుకొచ్చింది?"

కళ్లు తెరిచింది. "ఎక్కడండి?"

"ఈ కె ముందు."

"అది... పుస్తకంలోనే ఉందండి."

పదో తరగతి దాకా మున్సిపల్ బడిలో తెలుగు మీడియం. ఆ తర్వాత అంతా ఇంగ్లీషు. అర్థంకానిదాన్ని ఎవరినీ అడగలేక బట్టీ పట్టింది. బట్టీ పట్టినదాంట్లో ఒక లైను మర్చిపోతే తర్వాతి లైను రాదు. రాకపోతే చేతులు చల్లబడి, రాసినదంతా కొట్టేస్తుంది. రెండో సంవత్సరం పరీక్షలో పదకొండు పేజీలు కొట్టేసి వచ్చిందట. అందులో సగం ఒప్పులే అయి ఉంటాయని నాకు ఆ నోట్సు చూస్తేనే తెలిసింది.

నేను లేచి వెళ్లి స్టీలు గ్లాసులో టీ పోసుకొచ్చాను. ఆమె ముందు పెట్టి, గడియారం చూడమన్నాను. నిమిషానికోసారి గ్లాసు పట్టుకుని చూడమన్నాను.

"ఎప్పుడు తొందరగా చల్లారుతోంది?"

"మొదట్లోనండి."

"తర్వాతో?"

"నెమ్మదిగా."

"ఎందుకు?"

ఆమె గ్లాసు వంక చూసి, గది వంక చూసింది. "గది వేడికి దగ్గరపడింది కదండీ. ఇంక తగ్గడానికి పెద్దగా ఏముంది?"

"నువ్వు అప్పజెప్పింది ఇదే. ఎంత తేడా ఉంటే అంత తొందర. మైనస్ అంటే తగ్గుతోందని."

"ఇంతేనా మాస్టారూ?"

"ఇంతే."

"మరి మా సార్ రెండు పేజీలు రాయించారేంటండీ?"

నేను చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వాను. ఆ చల్లటి టీ నేనే తాగాను. చల్లారిన టీ కూడా అంత బాగుంటుందని నాకు అంతకుముందు తెలియదు.

లెక్కలు చేసేటప్పుడు నాకొక అలవాటుంది. మధ్యలో దారి తప్పితే కొట్టివేయను. రాసినదాని కింద అడ్డంగా ఒక గీత గీస్తాను. గీత కింద ఎడమ పక్కన చిన్నగా శ్రీ రాసి, నాకు తెలిసిన దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెడతాను. నరసరావుపేట హైస్కూల్లో మా లెక్కల మాస్టారు నేర్పారు. "గీత పైన ఏడ్చిన ఏడుపు గీత కిందికి తేకండిరా" అనేవారు. నేనూ నా సర్వీసంతా నల్లబల్ల మీద అలాగే రాశాను. లెక్క మధ్యలో తప్పితే తుడవకుండా గీత, కింద శ్రీ, మళ్లీ మొదలు. పిల్లలు చాటుగా నన్ను గీత మాస్టారు అనేవారని తెలుసు. ఆ పేరు నాకు ఇష్టంగానే ఉండేది.

నగ్మాకి కావలసింది అదేననిపించింది. కొట్టివేతలు మానాలి. ఆగిపోయిన చోట నిలబడి మళ్లీ మొదలుపెట్టడం రావాలి. చేసి చూపించాను.

ఆమె కలం పట్టుకుని ఆగింది. "నేను కూడా శ్రీ రాయాలాండీ?"

నాకు అప్పుడు స్ఫురించి కొంచెం ఇబ్బంది పడ్డాను. "నీ ఇష్టమమ్మా. చుక్క పెట్టుకో, సున్నా పెట్టుకో. మళ్లీ మొదలు అని మనకి మనం చెప్పుకోవడమే అది."

వసారాలో కూర్చుని వెల్లుల్లి వలుస్తున్న కరీమున్ అక్కడినుంచే అరిచింది. "రాసుకోవే! తెలుగు అక్షరమేగా. మీ నాన్న రేషన్ కార్డు మీద లేదా ఏంటి? శ్రీ షేక్ మాబు అని ఎంత పెద్దగా వేశారు!"

ముగ్గురం నవ్వుకున్నాం. నగ్మా గీత గీసి, కింద శ్రీ రాసింది. మొదటిసారి అది వంకరగా వచ్చింది.

మార్చిలో ఉపవాసాలు మొదలయ్యాయి. మధ్యాహ్నం మూడింటికి వచ్చి ఐదింటి దాకా కూర్చునేది. ఆమె పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉంటే ఎదురుగా టీ తాగడానికి మనసొప్పక గ్లాసు కిటికీ చాటున పెట్టేవాణ్ణి. రెండో రోజే కనిపెట్టింది.

"తాగండి మాస్టారూ. మైనస్ కె పనిచేస్తోందక్కడ."

ఆదివారాలు తొడిమల పని నుంచి నేరుగా వచ్చేది. చేతులకి కొబ్బరినూనె రాసుకున్నా మంట పోదు. పొరపాటున కన్ను తుడుచుకుంటే ఇక ధారలే. అవకలన సమీకరణాల ముందు కూర్చుని ఆ పిల్ల కళ్లనీళ్లు కారుస్తుంటే, మిరపకాయ వల్లో లెక్క వల్లో నాకు తెలిసేది కాదు. అడిగితే "రెండూనండి" అనేది. అయినా ఏప్రిల్ మొదటి వారానికి ఆమె నోట్సులో కొట్టివేతలు పోయాయి. గీతలు మిగిలాయి. ప్రతి గీత కిందా ఒక శ్రీ. అది రానురాను గుండ్రంగా, నేను రాసినట్టే వచ్చింది.

లెక్కల పేపరు బాగా రాసింది. ఏప్రిల్ ఇరవై నాలుగున ఫిజిక్స్. ఆ రోజు మధ్యాహ్నం వసారా మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చింది.

"మాస్టారూ! చల్లారే లెక్క ఇచ్చారండి. పది మార్కులు. సగంలో ఆగిపోయింది. చేతులు చల్లబడ్డాయి. అప్పుడు గీత గీశానండి, శ్రీ రాశాను, మొదట్నుంచి చేశాను. వచ్చేసింది! ఒక్క పేజీ కూడా కొట్టెయ్యలేదు!"

నేను బంగారు తల్లీ అన్నాను. అంతే అన్నాను. ఇరవై వేసవులు పేపర్లు దిద్దే క్యాంపులో కూర్చున్నవాణ్ణి. ఆ రోజుల్లో పేపరు పైన ఓం ఉండేది, 786 ఉండేది, సిలువ ఉండేది, మా అమ్మకి ఒంట్లో బాగాలేదు సార్ అని ఉండేది. నవ్వుకుని పేజీ తిప్పేవాళ్లం. కానీ జవాబు పుస్తకం వెనక పేజీలో నిబంధనలుంటాయని, అందులో గుర్తులు పెట్టకూడదని ఒకటుంటుందని నాకు తెలియనిది కాదు. తెలిసీ ఆ క్షణంలో నాకు గుర్తుకు రాలేదు. ఆనందమొక్కటే వచ్చింది.

జూన్ పన్నెండున ఫలితాలొచ్చాయి. అన్నీ పాస్. లెక్కల్లో డెబ్బై ఒకటి. ఫిజిక్స్ ఎదురుగా మార్కులు లేవు. విత్‌హెల్డ్ అని ఉంది.

మర్నాడు బస్సులో యూనివర్సిటీకి వెళ్లాం, నేనూ నగ్మా. పరీక్షల విభాగంలో రామాంజనేయులు అనే గుమాస్తా హాల్ టికెట్ నెంబరు చూసి, కంప్యూటర్ చూసి, నగ్మా మొహం చూశాడు.

"మాల్‌ప్రాక్టీస్ కేసు తల్లీ."

"చీటీ పెట్టలేదండి నేను!"

"చీటీ కాదు. గుర్తు. లోపల తెలుగులో ఏదో రాశావంట కదా?" కాగితం దగ్గరగా పెట్టుకున్నాడు. "శ్రీ. తొమ్మిదో నిబంధన. పోయినసారి ఎవరో గుర్తులు పెట్టి తెలిసినవాళ్ల చేత మార్కులు వేయించుకున్నారని పెద్ద గొడవైంది. అప్పట్నుంచి నెలవంక గీసినా, సిలువ గీసినా, శ్రీ రాసినా అన్నీ ఒకటే. కమిటీకి పోతాయి."

నగ్మా నా వంక చూడలేదు. అది ఆమె మంచితనం. చూసి ఉంటే నేను అక్కడే కూలబడేవాణ్ణి.

రామాంజనేయులు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "పంతొమ్మిదో తారీఖు కమిటీ. నువ్వొక్కదానివే రా. భయమేసి దేవుణ్ణి తలుచుకుని రాశానండి, తప్పయిపోయింది, ఇంకెప్పుడూ రాయను అని ఏడువు. వార్నింగ్ ఇచ్చి వదిలేస్తారు. వచ్చేవాళ్లలో నూటికి తొంభై మంది చెప్పేది అదే. వాళ్లకీ అదే కావాలి."

"మా దేవుణ్ణి తలుచుకుంటే శ్రీ ఎందుకు రాస్తానండీ?"

అతను హాల్ టికెట్ మీద పేరు మళ్లీ చదివాడు. తల గోక్కున్నాడు. "అదే చిక్కు తల్లీ. సరే, భయంలో ఏం రాశానో తెలియలేదండి అను. ఒక్కటే మాట గుర్తుపెట్టుకో. పెద్దవాళ్లని వెంటేసుకుని రాకు. పెద్దవాళ్లొస్తే కేసు పెద్దదవుతుంది."

ఆ మాట నన్ను ఉద్దేశించిందేనని తెలుసు. కానీ బయటికి వచ్చేటప్పుడు నోటీసు బోర్డు మీద కమిటీ సభ్యుల పేర్లు చూశాను. అధ్యక్షుడు ప్రొఫెసర్ జయదేవ్. తొంభైల్లో నా దగ్గర చదువుకున్న కుర్రాడు. మొదటి బెంచీలో కూర్చునేవాడు. నాకు ధైర్యం వచ్చేసింది.

బస్సులో నగ్మాకి చెప్పాను. ఆమె కిటికీ చువ్వ పట్టుకుంది.

"మీరు రాకండి మాస్టారూ. ఆయన చెప్పినట్టు నేనే వెళ్లి ఏడుస్తాను. ఏడవడం నాకేం పెద్ద పని కాదండి. ఒక మిరపకాయ పట్టుకెళ్తే చాలు."

"తప్పు చేయనిదానివి ఎందుకు ఏడవాలమ్మా? జయదేవ్ నా శిష్యుడు. నిజం చెబితే పోయేదేముంది?"

"పోయేది నాదండి" అంది మెల్లగా. నేను అది విన్నాను. విని, చిన్నపిల్ల భయం అనుకున్నాను.

ఇంటికొచ్చాక తల్లీ కూతుళ్లు వాళ్ల వాటాలో మాట్లాడుకోవడం వినిపించింది. నగ్మా గొంతు పెద్దదైంది, తగ్గింది. ఆ తర్వాత కరీమున్ వసారాలోకి వచ్చింది. "మీరు ఎలా చెబితే అలాగేనండి మాస్టారూ. మాకేం తెలుసు."

పంతొమ్మిదిన ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. వరండాలో జయదేవ్ ఎదురుపడ్డాడు. జుట్టు నెరిసింది. నన్ను చూడగానే వంగి కాళ్లకి దండం పెట్టాడు.

"మాస్టారూ! ఎన్నాళ్లకి! ఆరోగ్యం బాగుందా? అమ్మగారు..."

"లేదు నాయనా. పోయి ఏడాదిన్నరైంది."

"అయ్యో" అని నా చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడు నా వెనక నిలబడ్డ నగ్మాని చూశాడు. ఆమె చేతిలో నోటీసు చూశాడు. నా చేతిని పట్టుకున్న చెయ్యి సడలింది.

"మీరు ఈ కేసు కోసమా వచ్చింది?"

"ఆ. లోపల చెబుతాను. చిన్న విషయమే."

అతను ఏదో అనబోయాడు. ఈలోగా లోపలినుంచి పిలిచారు.

గదిలో బల్ల వెనక ముగ్గురు. జయదేవ్ మధ్యలో కూర్చున్నాడు. అటు ఒకరు, ఇటు ఒకరు. నేను అతని పక్కనే వేసిన కుర్చీలో కూర్చోబోతే, కుడిపక్కాయన "మీరు అక్కడ కూర్చోండి" అని గోడ దగ్గర స్టూలు చూపించాడు. జవాబు పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టారు. గోడ దగ్గర్నుంచి కూడా నాకు కనిపించింది. స్కేలు పెట్టి గీసిన గీత. దాని కింద శ్రీ. నా శ్రీ. కింది వంపు కొంచెం పొడుగ్గా లాగి వదిలేయడం నా అలవాటు. ఆ వంపుతో సహా నేర్చుకుంది. ఆ కింద లెక్క, చివరి దాకా, ఒక్క తప్పు లేకుండా.

"షేక్ నగ్మా. ఈ పేపరు నువ్వే రాశావా?" కుడిపక్కాయన అడిగాడు.

"నేనేనండి."

"మరి ఇదేంటి?"

"భయమేసి..." నగ్మా మొదలుపెట్టింది. గొంతు సరిగ్గా వణికింది. బాగా సాధన చేసుకుని వచ్చినట్టుంది. "భయంలో ఏం రాశానో నాకే..."

నేను స్టూలు మీంచి లేచాను. "అయ్యా, ఆ అమ్మాయికి అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు. అది నేను నేర్పింది."

నగ్మా కళ్లు మూసుకుంది.

నేను ఐదు నిమిషాలు మాట్లాడాను. కొట్టివేతల గురించి చెప్పాను. పదకొండు పేజీల గురించి చెప్పాను. నరసరావుపేట మాస్టారి గురించి, నల్లబల్ల గురించి, ఆగిపోయిన చోట మళ్లీ మొదలుపెట్టడం పిల్లలకి ఎందుకు నేర్పాలో చెప్పాను. బాగా చెప్పాను. ఎనిమిదేళ్ల తర్వాత నా ఎదురుగా బల్ల వెనక మనుషులు కూర్చుని నేను చెప్పేది వింటున్నారు. చెబుతున్నంతసేపూ నాకు సంతోషంగా ఉంది. ఆ సంగతి ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. ఇక్కడ రాయకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది.

నేను ముగించాక జయదేవ్ తల ఎత్తలేదు. బల్ల మీద కలాన్ని అటూ ఇటూ దొర్లించాడు.

"మాస్టారూ. ఈ గీత, ఈ శ్రీ, మీరు ముప్పై ఏళ్లు బోర్డు మీద రాశారు."

"అవును. నీకు గుర్తుంది కదా."

"నాకు గుర్తుంది. ఇప్పుడు క్యాంపులో పేపర్లు దిద్దేవాళ్లలో మీ స్టూడెంట్లు ఎంతమంది ఉంటారు?"

"చాలామంది ఉంటారు నాయనా. ఈ జిల్లాలో సగం మంది..." అని గర్వంగానే మొదలుపెట్టాను.

"వాళ్లకి ఈ పేజీ చూస్తే ఎవరు గుర్తొస్తారు?"

నేను బల్ల మీద తెరిచి ఉన్న ఆ పేజీ వంక చూశాను.

కుడిపక్కాయన ముందుకు వంగాడు. "అంటే భయంతో రాసింది కాదన్నమాట. నేర్పించి రాయించిన గుర్తు. దిద్దేవాళ్లకి తెలిసిన గుర్తు. మీరే ఒప్పుకుంటున్నారు."

"అయ్యా, గుర్తు కోసం కాదు..."

"రాసుకోండి" అన్నాడాయన పక్కనున్న గుమాస్తాతో.

కలం కాగితం మీద నడుస్తుండగా నగ్మా ఒక్కసారి మాట్లాడింది. ఏం మాట్లాడాలో తోచక మాట్లాడినట్టుంది. "మా నాన్న రేషన్ కార్డు మీద కూడా శ్రీ ఉందండి." ఆ గదిలో ఎవరూ నవ్వలేదు.

బయట వరండాలో జయదేవ్ మా వెనకే వచ్చాడు. నగ్మా దూరంగా స్తంభం దగ్గర ఆగింది.

"ఎందుకొచ్చారు మాస్టారూ?" అన్నాడు. కోపం కాదు. గొంతులో అలసట. "మీరు రాకుండా ఉంటే ఆ పిల్ల రెండు నిమిషాలు ఏడ్చేది, వార్నింగ్‌తో పోయేది. పొద్దుట్నుంచి నలుగురిని అలాగే వదిలాం. ఇప్పుడు మీరు చెప్పిందంతా రికార్డులో ఉంది. నేను వదిలేస్తే గురువుగారి కోసం వదిలాడంటారు. ఇంతకుముందు గొడవలో నా పేరు కూడా లాగారు మీకు తెలుసా?"

"తెలియదు నాయనా."

"తెలియదు" అన్నాడు. "క్యాంటీన్‌లో చెబుతాను, భోంచేసి వెళ్లండి. ఎండగా ఉంది."

వద్దన్నాను. బస్సులో నగ్మా కిటికీ పక్క సీటు నాకే ఇచ్చింది. చిలకలూరిపేట బస్సు, జనం ఎక్కువ. ఆమె గుంటూరు దాకా నిలబడే వచ్చింది. గాలి నాకే తగిలింది.

జూన్ ఇరవై ఐదున ఉత్తర్వు వచ్చింది. ఆ పేపరు రద్దు. తర్వాతి సప్లిమెంటరీ రాయడానికి కూడా వీల్లేదు. అంటే ఏడాది. నగ్మా ఫ్యాక్టరీకి ఫోన్ చేసింది. వాళ్లు మర్యాదగానే మాట్లాడారట. మీ స్థానంలో మీ కాలేజీ నుంచే అన్విత అనే అమ్మాయిని తీసుకున్నామన్నారట. అన్విత నగ్మా స్నేహితురాలు. కొత్త బట్టలు కొనుక్కోవడానికి నగ్మానే తోడు తీసుకెళ్లింది. తీసుకెళ్లకపోతే బాగోదనుకుంది కాబోలు.

జూలై నుంచి నగ్మా రోజూ తల్లితో పాటు పొద్దున్నే తొడిమల పనికి వెళ్తోంది. సాయంత్రం నేను వసారాలో ఉంటే "బాగున్నారా మాస్టారూ" అని లోపలికి వెళ్తుంది. కరీమున్ నాకు కూర గిన్నెలు పంపడం మానలేదు. కాకపోతే ఇప్పుడు గిన్నె గట్టు మీద పెట్టి, "పెట్టానండి" అని చెప్పి వెళ్లిపోతుంది.

నేను పది రోజులు కూర్చుని వైస్ ఛాన్సలర్‌కి ఒక అప్పీలు రాశాను. మూడు పేజీలు. తప్పు పూర్తిగా నాదని, అమ్మాయికి సంబంధం లేదని. మూడుసార్లు తిరగరాశాను. ఆగస్టులో ఒక రాత్రి, వాళ్ల భోజనాలయ్యాక, దాన్ని తీసుకుని ఎదురు వాటా గుమ్మం దగ్గరికి వెళ్లాను. కరీమున్ గుమ్మంలోనే కూర్చుని చేతులకి నూనె రాసుకుంటోంది.

"అమ్మా, ఒక అప్పీలు రాశాను. నగ్మా సంతకం పెడితే రేపు నేనే తీసుకెళ్లి..."

"మళ్లీ మీరే చెబుతారాండీ?"

కాగితాలు చేతిలోనే ఉండిపోయాయి.

ఆమె నూనె రాసుకోవడం ఆపలేదు. వేళ్ల మధ్య, గోళ్ల చుట్టూ, నిదానంగా రాసుకుంది. "మీరు మంచోళ్లు మాస్టారూ. అది నాకు తెలుసు. మంచోళ్లు కాకపోతే ఈ వసారాలో నిలబెట్టి తిట్టిపోసేదాన్ని. నా మనసన్నా తేలికపడేది."

"తిట్టమ్మా."

"ఎలా తిడతానండీ? అది బతిమాలింది, మాస్టారిని రావద్దనమ్మా అని. కాళ్లు పట్టుకున్నంత పని చేసింది. నేనే, పెద్దాయన, చదువుకున్నాయన, ఆయన మాటకి ఎదురు చెబుతావా అని కసురుకున్నాను. ఇప్పుడు మిమ్మల్ని తిడితే అందులో సగం నాకొస్తుంది." లేచింది. చెంగుతో చేతులు తుడుచుకుంది. "ఇంక ఈ చదువు సంగతి నా ముందు ఎత్తకండి మాస్టారూ. మీ అన్నం చల్లారిపోతుంది, వెళ్లండి." లోపలికి వెళ్లి చాప మీద అటు తిరిగి పడుకుంది.

నేను ఇంకా అక్కడే ఉన్నాను. లోపల్నుంచి నగ్మా వచ్చింది. అంతా విన్నట్టే ఉంది. చేతులు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. నా చేతిలో కాగితాలు తీసుకుని, మొదటి పేజీ చదివింది. రెండో పేజీ తిప్పింది. జాగ్రత్తగా మడిచి తిరిగి నా చేతికిచ్చింది.

"బాగా రాశారండి" అంది.

"వచ్చే ఏడు ఆ పేపరు రాద్దాం తల్లీ."

"రాస్తానండి. నేనే చదువుకుంటాను." గుమ్మానికి ఆనుకుంది. "ఆ లెక్క నాకు ఇప్పుడు గీత గియ్యకుండానే వస్తుంది మాస్టారూ."

కోపంగా అనలేదు. నన్ను ఓదార్చడానికీ అనలేదు. ఉన్న విషయం చెప్పింది. పిల్లలకి జవాబులు చెప్పడం నా వృత్తి అనుకుంటూ ఇన్నేళ్లు బతికాను.

"వస్తుందమ్మా. రావాలి" అన్నాను.

"పొద్దున్నే ఆటో వస్తుందండి" అంది. గుమ్మం ముందున్న తల్లి చెప్పుల్ని కాలితో లోపలికి జరిపింది. నేను నా వాటా వైపు రెండడుగులు వేసేదాకా ఆగింది. తర్వాత, లోపల పడుకున్నామెకి మెలకువ రాకుండా, ఉబ్బిన వేళ్లతో గడియ పట్టుకుని, చప్పుడు లేకుండా తలుపు మూసుకుంది.